దిండి ఒడ్డున తెగిన గాలం

సంక్రాంతి వెళ్ళిన వారానికి నేనూ, ఇద్దరు స్నేహితులూ కోనసీమలోని దిండి వెళ్ళాం. మలికిపురం దాటాక రోడ్డు పక్కన కొబ్బరితోటలు, వాటి వెనక రొయ్యల చెరువులు, ఏరేటర్ల చప్పుడు. గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున కయాక్‌లు, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు, అద్దెకిచ్చేవాళ్ళతో ముందే మాట్లాడుకున్నాం. పొద్దున్న ఆరున్నరకి మంచు ఇంకా నీళ్ళ మీదే ఉంది. చించినాడ వంతెన స్తంభాలు సగమే కనిపిస్తున్నాయి. లైఫ్ జాకెట్లు తొడిగిన కుర్రాడు "ఒడ్డు వెంబడే వెళ్ళండి సార్, మధ్యలో లాగుడు ఎక్కువ" అన్నాడు. ఆ ఒడ్డున ఎవరు కూర్చుని ఉంటారో మాత్రం చెప్పలేదు.

పది నిమిషాలు కూడా కాలేదు. "ఆపండి బాబూ, ఆపండి!" అని కేక. అప్పటికే నా తెడ్డుకి నైలాన్ దారం చుట్టుకుంది. కంగారులో గట్టిగా లాగాను, తెగిపోయింది. ఒడ్డున నలుగురు గాలాలు వేసుకుని ఉన్నారు. మంచులో నీళ్ళ మీద తేలే గాలాల బెండ్లు మాకు కనిపించలేదు. అందులో కుర్రాడొకడు లేచి "ఏరు కొనుక్కున్నారా?" అని అరిచాడు. మా వాడు ఊరుకోకుండా "మీరు కొనుక్కున్నారా?" అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

నేను కయాక్‌ని ఒడ్డుకి చేర్చి దిగాను. దారం తెగింది ఒక పెద్దాయనది. "తప్పయిపోయింది బాబాయ్ గారూ" అన్నాను. ఆయన కోపం నా మాటతో తగ్గలేదు. "నాలుగింటికొచ్చి కూర్చున్నామండీ. పాటు అయిపోయి, అదే నీరు తీయడం ఆగి, ఇప్పుడే పోటు తిరిగింది. పండుగప్ప చేప ఒడ్డుకి మేతకొచ్చే టైము ఇదే. మీరు దాని నెత్తి మీద నుంచి పోయారు. ఇంక ఈ పూటకి రాదు."

అప్పుడు అర్థమైంది. మాకు నది అంటే పొడుగునా పరుచుకున్న నీళ్ళు, ఎప్పుడైనా ఎటైనా వెళ్ళొచ్చు. ఆయనకి రోజులో రెండు గంటలు, ఒడ్డున నాలుగు బారల చోటు. అంతే నది.

టీ తెప్పించి అక్కడే కూర్చున్నాం. ఆయన చెబుతూ పోయాడు. జనవరి వస్తే దాళ్వా (రెండో పంట వరి) నాట్లు, ధవళేశ్వరం దగ్గర నీరంతా కాలువల్లోకి మళ్ళుతుంది. కిందికి వచ్చే మంచినీరు తగ్గి సముద్రపు ఉప్పు పైకి ఎక్కుతుంది. చెరువుల మురుగు డ్రైన్ల గుండా ఇందులోకే వస్తుంది. వరద రోజుల్లో ఎదురీదుకుంటూ వచ్చే పులస కూడా ఏటికేడు తగ్గిపోతోందని ఆయన బాధ. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాకే ఈ డెల్టాకి అన్నం దొరికింది, దాన్ని ఆయన కూడా కాదనడు. కానీ ఆనకట్ట మీద కేకవేస్తే ఎవరు వింటారు? చెరువుల యజమానుల్ని ఆయన ఏమనగలడు? ఆయన కేక అందేంత దూరంలో వచ్చింది నేనొక్కణ్ణే. ఆ కేక వెనక ఎన్నేళ్ళ బాధ ఉందో తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

సాయంత్రం ఇదే చర్చ. ఇంగ్లండ్‌లో చదివొచ్చిన మా స్నేహితుడు, అక్కడ గాలం వేసేవాళ్ళకీ కయాక్‌ల లాంటి కనూ పడవలు నడిపేవాళ్ళకీ దశాబ్దాలుగా ఇదే గొడవ అన్నాడు. పోటు తగలని నదుల్లో చాలావాటి మీద పడవ నడిపే హక్కు అందరికీ ఉందా లేదా అన్నది అక్కడ ఇంకా తెగలేదు. నది అడుగు సాధారణంగా ఒడ్డు భూమి యజమానిది. చేపల హక్కుకి క్లబ్బులు డబ్బు కడతాయి, కాబట్టి పడవలు రావద్దంటాయి. స్కాట్లాండ్‌లో మాత్రం 2003 చట్టం, బాధ్యతగా నడుచుకుంటే ఎవరైనా నదిలో తిరగొచ్చని చెప్పింది. మన దగ్గర 1996లో బియాస్ నది కేసులో సుప్రీంకోర్టు నదులు ప్రజలందరివీ, ప్రభుత్వం ధర్మకర్త మాత్రమే అంది. "అయితే మనకీ హక్కుంది కదా" అన్నాడు వాడు. ఉంది. కానీ నాది సెలవు రోజు సరదా, ఆయనది ఆ పూట కూర. రెండూ ఒకే చోట తగిలినప్పుడు పక్కకి జరగాల్సింది నేనే. కయాక్‌లు అద్దెకిచ్చేవాళ్ళు పోటు వేళలు అడిగి తెలుసుకుని, ఏ ఒడ్డు వదిలేయాలో ముందే చెబితే సగం గొడవ ఉండదు. ఆ మాట వాళ్ళకి గట్టిగానే చెప్పాను. "అలాగే సార్" అన్నారు.

మర్నాడు నీళ్ళలోకి దిగే ముందు ఒడ్డుకి వెళ్ళి అడిగాం. గాలానికీ సీసం గుండుకీ అయిన డబ్బులు మాత్రం తీసుకుని, పెద్దాయన చెయ్యి చాపి చూపించాడు. "ఆ గుంజల అవతల నుంచి పొండి. పోటు నిండాక ఇటు రావొచ్చు." కుర్రాడు మా వైపు చూడలేదు.

తిరిగి వచ్చేసరికి పోటు నిండి నీళ్ళు నిలబడిపోయాయి. కుర్రాడి గాలపు కర్ర విల్లులా వంగి ఉంది. మేం తెడ్లు ఒళ్ళో పెట్టుకుని, చేప ఒడ్డెక్కేదాకా దూరంగా ఆగిపోయాం.