ముప్ఫై ఆరు గళ్లు, మూడు బిందెలు

మన బడి పాత విద్యార్థుల కలయిక సంచిక కమిటీ వాళ్లు బడి గురించి ఏదైనా రాయమన్నారు. అల్లరి సంగతులు వెనక బెంచీ వాళ్లు ఎలాగూ రాస్తారు కాబట్టి నేను నేరుగా పదో తరగతి సంభావ్యత పాఠానికే వచ్చేస్తున్నాను.

లెక్కల మాస్టారు బోర్డు మీద 36 గళ్లు గీసి, రెండు పాచికల మొత్తాలన్నీ మనచేతే నింపించారు గుర్తుందా? 7కి ఆరు గళ్లు వచ్చాయి. 2కీ 12కీ చెరొకటే. ఎవరేం జవాబు చెప్పినా ఆయనది ఒకటే మాట: "గడి సూపించరా!" ఆ మాటను మనం ఎక్కడెక్కడ వాడుకున్నామో ఇక్కడ రాయను.

నేనిప్పుడు, బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా మాటలతో కథ నడిపే ఆటలకు, అంటే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లకు నియమాలు రాస్తున్నాను. మొదటి ఆటను నేను ముఖం కూడా చూడని పిల్లలు ఆడుకుంటున్నారు. రెండోది ప్రపంచం కూలిపోయాక మిగిలినవాళ్ల కథ. చోటు మన ఉద్దానమే. 2018 నాటి తిత్లీ లాంటి తుపాన్లు వరసగా వచ్చి, కరెంటూ రోడ్లూ మళ్లీ రాని కాలం. ఆ ఆటలో ప్రతి అంకెకూ మాస్టారి గళ్లే ఆధారం.

రెండు పాచికలు వేసి, పాత్ర నైపుణ్యపు అంకెను కలపాలి. మొత్తం 10 గానీ ఆపైన గానీ వస్తే పూర్తి గెలుపు. 7 నుంచి 9 దాకా అయితే గెలుపే, కానీ ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. 6, అంతకంటే తక్కువైతే ఓటమి. 2010లో అపోకలిప్స్ వరల్డ్ అనే ఆట వచ్చాక ఈ పద్ధతి బాగా పాకింది. ఇక గళ్లు లెక్కపెట్టండి. నైపుణ్యం సున్నా అయితే ఓటమికి 15 గళ్లు. +1కి 10, +2కి 6, +3కి మూడే. భయం పోయిన చోట ఈ రకం కథ నిలవదు. అంతకన్నా ముఖ్యమైనది మధ్య వరస. పోగొట్టుకుని గెలిచే గళ్లు సున్నా దగ్గర 15, +1 దగ్గర 16, +2 దగ్గర మళ్లీ 15. +3కి వచ్చేసరికి 12కి పడిపోతాయి. కథంతా పుట్టేది ఆ గళ్లలోనే, అందుకే నైపుణ్యాన్ని +2 దగ్గర ఆపేశాను. +3 దొరికినా ఒక్క సన్నివేశానికే.

అంకె పెరగకపోతే ఆటగాడికి ఎదిగినట్టు ఎలా ఉంటుంది? కొత్త దారులు తెరవాలి. నీళ్ల మనిషి పాత్రనే చూడండి. జట్టులో నలుగురు, రోజుకు నాలుగు బిందెల మంచినీళ్లు కావాలి. ఆ పాత్ర వడపోసి ఇవ్వగలిగేది మూడే. ఎదుగుదల పేరుతో నాలుగో బిందె ఇచ్చామా, బావి తవ్వేవాడికీ బేరం చేసేవాడికీ పనే ఉండదు. అందుకని ఖర్చు లేకుండా వచ్చే మూడు బిందెలు మూడుగానే ఉంటాయి. రెండో మెట్టులో బొగ్గూ ఇసుకతో వడపోత కట్టడం వస్తుంది, అప్పుడు కొరత నీళ్ల నుంచి బొగ్గుకు మారుతుంది. ఏ శక్తి అయినా ఒక కొరతను పూర్తిగా తుడిచేస్తోందంటే, దానికి తరిగిపోయే సరుకొకటి ముడిపెట్టి తీరాలి.

ఖర్చు కూడా అలాగే. ఎదగడానికి ఆటలో సంపాదించి ఖర్చుపెట్టే పాయింట్లను గుర్తులంటాను. ఒక నైపుణ్యంలో మొదటి మెట్టుకు 4 గుర్తులు, రెండో మెట్టుకు 8. కొత్త విద్యకు ఎప్పుడైనా 5. అప్పుడు ఒకే దాని మీద పోగుచెయ్యరు. ఓడిన ప్రతిసారీ ఒక గుర్తు ఇస్తే బలహీనమైన పాత్ర త్వరగా అందుకుంటుంది. అయితే గుర్తుల కోసం కావాలని చేతకాని పనులకు దిగుతారు, కాబట్టి ఒక పూట ఆటకు రెండు గుర్తులే.

1978 నాటి ఆట గామా వరల్డ్‌లో మ్యుటేషన్లను, అంటే పాత్రల ఒంట్లో వచ్చే వింత మార్పులను, పాచికలే పంచేవి. ఒకరికి మహాశక్తి, పక్కవారికి లోపం. ఒక్క సాయంత్రానికైతే అది సరదాయే. నెలల తరబడి సాగే కథలో మాత్రం లోపం వచ్చినవాడు చూస్తూ కూర్చోవాలి. మీ ఆటలో పాత్రలు సమంగా ఉన్నాయో లేదో తెలియాలంటే, ఎవరి పని వల్ల సన్నివేశం మలుపు తిరిగిందో వారి పేరు పక్కన గీత పెట్టండి. ఒకరి గీతలు మరొకరికి రెట్టింపైతే శక్తుల్ని కత్తిరించకండి, తక్కువ గీతలున్న పాత్రకు వంతు ఎప్పుడొస్తోందో చూడండి. చాలాసార్లు అది వైద్యుడే అవుతాడు, పోరు ముగిశాకే అతనికి పని. గాయపడినవాడు పడిపోకముందే కట్టు కట్టే వీలిస్తే సరిపోతుంది.

కలయిక రోజు భోజనాలయ్యాక నలుగురు కూర్చుంటే చాలు, పాచికలు నేను తెస్తాను. నీళ్ల మనిషి మాత్రం మన క్లాస్ లీడరే.