పదిళ్ల అన్నం

మనమంతా ఉండి చదువుకున్న చర్చి బోర్డింగులో అన్నం ఎప్పుడూ ఒకే తీరుగా ఉడికేది కాదు. ఒకే ముద్దలో సన్నబియ్యం మెత్తబడిపోయేది, దొడ్డుబియ్యం పలుకుగా తగిలేది, నూకలు జావైపోయేవి. ఆరో తరగతిలో చేరిన మొదటి వారం నేను కంచం ముందు కూర్చుని ఏడ్చాను. నాన్న పోయి అప్పటికి నాలుగు నెలలు. వంట పెద్దమ్మ నా పక్కన గొంతుక్కూర్చుని, "ఇది పదిళ్ల అన్నం బిడ్డా, పది రకాలుగానే ఉంటుంది" అంది. ఆ మాట నాకు అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది.

ఆ పదిళ్లు ఏవో ఈ సంచిక చదివేవారిలో చాలామందికి తెలుసు. చుట్టుపక్కల క్రైస్తవ సంఘాల్లో ఆడవాళ్లు పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసేవారు. ఆదివారం దాన్ని చిన్న సంచిలో గుడికి తెచ్చి, కానుకల వేళ గంపలో గుమ్మరించేవారు. అందులో కొంత మన వంటశాలకు చేరేది. ఇచ్చినవారిలో ఎక్కువమంది కూలికి వెళ్తే తప్ప పొయ్యి వెలగనివారే.

తొమ్మిదో తరగతి సెలవులకు ఇంటికి వెళ్లాను. ఆ ఏడు వానల్లేవు. డబ్బాలో రెండు పూటలకు సరిపడా గింజలు కూడా లేవు. అయినా అమ్మ చెయ్యి కుండవైపు వెళ్లింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. "మనకే లేదు, ఎవరికమ్మా ఇది?" అన్నాను, కొంచెం గట్టిగానే. అమ్మ కోప్పడలేదు. "అక్కడ నువ్వు తింటున్నది ఎవరి పిడికెడు?" అని అడిగి, గింజలు కుండలో వేసింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యేసు నేర్పిన పరలోక ప్రార్థనలో అనుదినాహారం అడిగేచోట 'నాకు' అని లేదు, 'మాకు' అని ఉంది. రోజూ రెండుసార్లు చెప్పే మాటే అయినా, అప్పటిదాకా నేను నా కంచం కోసమే అడుగుతున్నాను.

మెదక్ గుడిని, అంటే అక్కడి పెద్ద చర్చిని, చూసినప్పుడల్లా నాకు మా నాయనమ్మ చెప్పిన సంగతి గుర్తొస్తుంది. మా ముత్తాత అక్కడ రాళ్లు మోశాడట. కరువు రోజులవి. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ దొర గుడి పని పెట్టి, పనిచేసినవారికి తిండి దొరికేలా చేశాడు. 1924 డిసెంబరు 25న గుడిని ప్రతిష్ఠించారు. 175 అడుగుల గోపురాన్నీ, రంగుటద్దాల కిటికీలనూ చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నేను మాత్రం వెళ్లినప్పుడల్లా గోడ అడుగు వరుస రాళ్ల మీద చెయ్యి పెట్టి నిలబడతాను. వాటిలో ఏదో ఒకటి మా ఇంట్లో ఒక పూట అన్నమైంది.

ఇప్పుడు నేను రామాయంపేటలో ఉపాధ్యాయుణ్ణి. 2020 వేసవిలో, కరోనా లాక్‌డౌన్ వేళ, హైదరాబాదు నుంచి ఉత్తరాదికి నడిచి వెళ్లే కూలీలు మా ఊరి పక్క 44వ నంబరు జాతీయ రహదారి మీద బారులు తీరారు. నెత్తిన మూటలు, భుజాల మీద పిల్లలు. వాళ్లను చూసి ఏం చేయాలో తోచక రెండు రోజులు ఊరికే ఉన్నాను. ఆ రెండు రోజుల సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మూడో రోజు గుడిలోని ఆడవాళ్ల బృందమైన స్త్రీల మైత్రి పెద్దక్క ఒకరు ఫోను చేశారు: "తమ్ముడూ, గుడి మూతపడింది కానీ కుండలు మూతపడలేదు. బియ్యం ఎక్కడికి తేవాలి?"

వేపచెట్టు కింద పొయ్యి పెట్టాం. మళ్లీ అదే అన్నం, పలుకుగా కొంత, మెత్తగా కొంత. పప్పు ఒక కిరాణా కొట్టు శెట్టిగారిది. రంజాను నెల ఉపవాసంలో ఉన్న ఇద్దరు ముస్లిం కుర్రవాళ్లు ఎర్రటి ఎండలో నిలబడి, తాము గుక్కెడు తాగకుండా, వచ్చినవారందరికీ నీళ్లు పోశారు. ప్రభువు ఆ చెట్టు కింద ఉన్నాడని నేను నమ్ముతున్నాను. ఆ కుర్రవాళ్ల చేతుల్లోనూ ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం చంటిబిడ్డతో వచ్చిన ఒక తల్లి తిని లేచింది. ఆమె మాట మాకు రాదు, మా మాట ఆమెకు రాదు. బిడ్డను నా భార్య చేతికిచ్చి, కొంగు బిగించి, మసిపట్టిన గుండిగ ముందు కూర్చుని బూడిదతో తోమడం మొదలుపెట్టింది. వద్దన్నా వినలేదు. అది తళతళలాడేదాకా తోమి, బోర్లించి, బిడ్డను తీసుకుని మళ్లీ నడక సాగించింది.

అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆమె కుండ మా వంటింట్లో ఉంది. ఈసారి మన బోర్డింగు పాత విద్యార్థుల కలయికకు అందులోని బియ్యం తెస్తున్నాను. మా ఇంటి సన్నబియ్యంతోపాటు పక్కింటివాళ్లు ఇచ్చిన రేషను బియ్యం, ఎదురింటి అవ్వ పోసిన నూకలు కూడా అందులో ఉన్నాయి. ఆ రోజు వంట చూసే తమ్ముళ్లకు నాదొక మనవి: దయచేసి వాటిని వేరు చేయకండి.