పద్యనాటకం: రాగానికి ముందు అన్వయం

పద్యనాటకం చేయించేటప్పుడు మొదటి వారమంతా హార్మోనియం పెట్టెలోనే ఉండాలి. ముందు ప్రతి పద్యానికీ నటుడి చేత అన్వయం (మాటలను మామూలు వాక్యంలా పేర్చి అర్థం చెప్పడం) చెప్పించాలి: ఎవరు, ఎవరితో, ఏం కోరి అంటున్నారు? తర్వాత వచనంలా చదివించాలి.

ఇక్కడే పెద్ద తప్పు దొర్లుతుంది. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. నటుడు యతి దగ్గరో పాదం చివరో ఆగిపోతాడు. తెలుగులో యతి అంటే అక్షరమైత్రి (పాదం మొదటి అక్షరంతో ఆ చోటి అక్షరం ధ్వనిలో కలవడం), విరామం కాదు. మాట ఒక పాదంలో మొదలై తర్వాతి పాదంలో పూర్తవుతుంటుంది కూడా. దాన్ని మధ్యలో తెంపితే పద్యం వినపడుతుంది, అర్థం కాదు. అర్థం ఆగిన చోట పెన్సిలుతో గీత పెట్టించండి. ఊపిరి అక్కడే తీయాలి.

రాగం ఆ తర్వాత. నాలుగు పాదాలూ మామూలుగా చదివితే అర నిమిషం పట్టదు. ఆలాపనతో రెండు నిమిషాలు దాటిందా, సన్నివేశం జారిపోతుంది. ఆలాపన పద్యం చివరికి ఉంచడమే నయం. మొదట్లోనే తీస్తే మాట రాకముందే ఆవేశం ఖర్చయిపోతుంది.

వినే పాత్రను మాత్రం వదిలేయకండి. దుర్యోధనుడు పద్యం అందుకున్నంతసేపూ కృష్ణుడు బొమ్మలా నిలబడితే అది కచేరీ. ఏ మాటకు చూపు తిప్పాలో, ఏ మాటకు లేవబోయి ఆగాలో నాటక ప్రతిలో ఆ మాట పక్కనే రాసిపెట్టాలి.