వాగుకి ఈ పక్క బవేరియా, ఆ పక్క తురింగియా

జర్మనీలో మోడ్లారాయిట్ అనే ఊరు. జనాభా యాభైకి అటూఇటూగా ఉంటుంది. రైతుల ఇళ్లు, వాటిని ఆనుకుని పెద్ద పెద్ద కొట్టాలు, చుట్టూ పచ్చిక, ఊరి మధ్య నుంచి టాన్‌బాఖ్ అనే వాగు. వాగు అనగానే మున్నేరునో కిన్నెరసానినో ఊహించుకోకండి. నాలుగో క్లాసు చదివే మా చిన్నోడు పరుగెత్తుకొచ్చి ఒక్క దూకు దూకితే అవతలి గట్టున పడతాడు. ఇంతోటి ఊరికి ఇద్దరు మేయర్లు, రెండు పిన్‌కోడ్లు, రెండు ఫోన్ కోడ్లు, కార్లకి రెండు రకాల నంబర్ ప్లేట్లు. ఈ పక్కవాళ్లు బవేరియా రాష్ట్రంలోని టోపెన్ పంచాయతీ కిందికి వస్తారు, ఆ పక్కవాళ్లు తురింగియా రాష్ట్రంలోని గెఫెల్ పట్టణం కిందికి.

ఇప్పుడంటే రెండు రాష్ట్రాలు. 1949 నుంచి 1990 దాకా రెండు దేశాలు, ఈ పక్క పశ్చిమ జర్మనీ, ఆ పక్క తూర్పు జర్మనీ.

మేం ఉండేది బవేరియాలోని ఎర్లాంగెన్‌లో. ఏ9 హైవే ఎక్కి ఉత్తరంగా వెళ్తే గంటన్నర ప్రయాణం. మా పెద్దది పదో క్లాసు. స్కూలువాళ్లు దాన్ని ఈ ఊరికి తీసుకెళ్లి చూపించారు. తిరిగొచ్చిన రోజు నుంచీ ఒకటే పోరు, మీరూ చూడాల్సిందేనని. మామూలుగా మా ఇంట్లో ఇది ఇంకోలా జరుగుతుంది. ఇండియా వెళ్లినప్పుడల్లా పిల్లలిద్దర్నీ గోల్కొండకో రామప్పకో ఈడ్చుకెళ్లి, కుతుబ్‌షాహీలు ఎవరు, కాకతీయులు ఎవరు అని మా ఆయన క్లాసు పీకుతుంటే, వాళ్లు ఎండకి మొహం చిట్లించి ఊఁ కొడతారు. ఈసారి ఊఁ కొట్టే వంతు మాది. దీని చరిత్ర మనకెందుకని మా ఆయన కారెక్కేటప్పుడు కాస్త గొణిగాడు కూడా. ఇక్కడికొచ్చి ఇన్నేళ్లయినా జర్మనీ చరిత్ర అంటే మా ఇద్దరికీ హిట్లరూ, బెర్లిన్ గోడా. అంతకుమించి అవసరం పడలేదు.

పెద్దది మమ్మల్ని ముందు గోడ దగ్గరికి తీసుకెళ్లలేదు. హద్దురాయి దగ్గర ఆపింది. రాయికి ఒక వైపు కె.బి. అని, ఇంకో వైపు ఎఫ్.ఆర్. అని అక్షరాలు. బవేరియా రాజ్యం, రాయిస్ సంస్థానం. నెపోలియన్ కాలపు సర్దుబాట్లలో, 1810లో, వాగునే సరిహద్దుగా తీసుకుని ఇలాంటి రాళ్లు పాతారు. ఊరు రెండయింది గానీ ఎవరికీ పెద్దగా పట్టలేదు. బడి ఆ పక్క, సాయంత్రాలు కూర్చుని తాగే సత్రమూ ఆ పక్కే. ఆదివారం చర్చికి మాత్రం అందరూ కలిసి ఈ పక్కనున్న టోపెన్‌కి. మొదటి యుద్ధం అయ్యాక రాజులు పోయారు, సంస్థానాలు పోయాయి, 1920లో తురింగియా రాష్ట్రం ఏర్పడింది. వాగు మాత్రం హద్దుగానే మిగిలింది. పిల్లలు పొద్దున్నే దాన్ని దాటి బడికెళ్లి, మధ్యాహ్నం దాటి ఇంటికొచ్చేవాళ్లు. వందేళ్లకు పైగా సరిహద్దు అంటే ఈ ఊళ్లో ఇంతే.

1945 జులైలో అమెరికన్ సైన్యం తురింగియాని సోవియట్లకి అప్పగించి వెనక్కి తగ్గింది. బవేరియా అమెరికా కిందే ఉండిపోయింది. అసలు దెబ్బ మాత్రం 1952 మే చివర్లో పడింది. తూర్పు జర్మనీ ప్రభుత్వం సరిహద్దు పొడవునా 5 కిలోమీటర్ల నిషేధిత ప్రాంతం పెట్టింది. అందులో హద్దుకి ఆనుకున్న 500 మీటర్లు మరింత కట్టుదిట్టం. చివరి 10 మీటర్లలో అడుగుజాడలు కనపడేలా నేల దున్ని వదిలేశారు. నమ్మకం లేని మనుషులని ముద్ర వేసి కొన్ని కుటుంబాలని సామానుతో సహా లారీలెక్కించి లోపలి జిల్లాలకి తరలించారు. మోడ్లారాయిట్‌లో ఇళ్లకీ ఇళ్లకీ మధ్య మనిషి ఎత్తు దాటిన చెక్క కంచె లేచింది. ఈ పక్క పిల్లలకి బడి పోయింది, ఆ పక్క పెద్దలకి చర్చి పోయింది. 1966లో కంచె స్థానంలో కాంక్రీట్ గోడ కట్టారు. 700 మీటర్ల పొడవు, 3.3 మీటర్ల ఎత్తు. అమెరికన్ సైనికులు ఈ ఊరికి చిన్న బెర్లిన్ అని పేరు పెట్టుకున్నారు.

ఆ గోడలో ఓ వంద మీటర్లు ఇప్పటికీ ఉంది. మిగతాదంతా 1990 జూన్ 17న బుల్డోజర్‌తో పడగొట్టారు. ఉన్న ముక్కకి కాపలా బురుజూ, కంచే, దున్నిన నేలా కలిపి ఆరుబయట మ్యూజియంగా ఉంచారు. మా చిన్నోడికి గోడకన్నా మ్యూజియంలోని మిలిటరీ బండ్లు నచ్చాయి. నాకు మాత్రం సైనికులు గస్తీ తిరిగిన దారి గుర్తుండిపోయింది. అది రోడ్డు కాదు. చిల్లుల కాంక్రీట్ పలకలు పక్కపక్కన రెండు వరుసలు పరిచారంతే, జీపు టైర్లకి సరిపడా. ఒక్కో చిల్లులో నా మడమ పట్టేంత సందు, అందులో ఇప్పుడు గడ్డి, అక్కడక్కడా పసుపు పూలు. నడుస్తుంటే కాలు మడతపడుతుందని టెన్షన్. ఈ పలకలు ఇక్కడే కాదు, 1,393 కిలోమీటర్ల పాత సరిహద్దు వెంట చాలాచోట్ల ఇంకా కనపడతాయి. మనుషుల్ని దగ్గరికి రానీయకపోవడం వల్ల ఆ పట్టీలో పక్షులూ, పురుగులూ, అరుదైన మొక్కలూ బతికిపోయాయి. ఇప్పుడు దాన్ని పచ్చ పట్టీ అని పేరు పెట్టి కాపాడుతున్నారు.

గోడ సరిగ్గా సరిహద్దు మీద లేదు, కాస్త వెనక్కి, తూర్పు వైపు నేలలో ఉంది. అసలు హద్దు వాగు మధ్యలో. అంటే బవేరియా పక్క పిల్లవాడు బంతి కోసం వాగులో దిగి రెండడుగులు వేస్తే, గోడ ముట్టుకోకుండానే వేరే దేశంలో అడుగుపెట్టినట్టు. వాగు మధ్యే సరిహద్దు, జాగ్రత్త అని బోర్డులు ఉండేవి.

ఇంకోటి చెప్పింది పెద్దది. ఈ పక్కవాళ్లు గట్టెక్కి ఆ పక్క బంధువులకి చెయ్యి ఊపొచ్చట. ఆ పక్కవాళ్లు తిరిగి ఊపకూడదు. పలకరించినా నేరమే. 1973 నుంచి పశ్చిమం వాళ్లకి సరిహద్దు జిల్లాల్లోకి వెళ్లి రావడానికి అనుమతులు కాస్త తేలికయ్యాయి గానీ, ఆ 5 కిలోమీటర్ల పట్టీలోకి మాత్రం కాదు. కాబట్టి సొంత అన్న ఇల్లు కిటికీలోంచి కనపడుతున్నా, ఆ ఇంటికి వెళ్లడానికి దారి లేదు. ఎక్కడో లోపలి ఊళ్లో కలుసుకోవాలి.

చిన్నోడు వెంటనే అడిగాడు, "ఊపితే ఏం చేస్తారక్కా?" అని. రాసుకుంటారు, తర్వాత పిలిపిస్తారు, ఉద్యోగం పోవచ్చు, ఊరి నుంచి పంపెయ్యొచ్చు అంది. వాడికి నమ్మకం కుదరలేదు. వాగు అవతల నిలబడి మాకు రెండు చేతులూ ఊపి చూశాడు. ఎవరూ రాసుకోలేదు. మనం వాళ్లకి చెప్పే కథల్లో రాజులుంటారు, యుద్ధాలుంటాయి. చెయ్యి ఊపడం నేరమయ్యే రాజ్యం గురించి నేనెప్పుడూ పిల్లలకి చెప్పి ఉండను. ఇక్కడి బడి చెప్పింది. అది మంచి పనే చేసిందని నా అభిప్రాయం.

పండగలకి తెలుగువాళ్లం కలిసినప్పుడు ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, మన పిల్లలు రెంటికీ చెడ్డ రేవళ్లు అవుతారని. తెలుగు చదవడం రాదు, జర్మన్లు తమవాళ్లనుకోరు అని. నాకు ఈ మాట మీద ఎప్పుడూ పెద్ద నమ్మకం లేదు, ఆ ఊళ్లో ఉన్న కాస్తా పోయింది. మా పెద్దది ఆ గోడ ముక్క ముందు నిలబడి చెప్పిన తీరు చూస్తే, పాఠం అప్పజెప్పినట్టు లేదు. తన సొంత తాత ముత్తాతల సంగతి చెప్పినట్టే ఉంది. అదే పిల్ల ఉగాది పచ్చడిలో వేపపువ్వు తక్కువైందని నాతో పేచీ పెట్టుకుంటుంది. దానికి రెండూ సొంతమే. తెలుగు చరిత్ర మేం చెబితే వింటుంది, ఈ చరిత్ర మాకు అది చెబుతుంది. మధ్యలో ఇబ్బంది పడేది, పాస్‌పోర్టుల దగ్గర లెక్కలు వేసుకునేది మేమే. జర్మనీ 2024 జూన్ నుంచి రెండు పౌరసత్వాలు ఒప్పుకుంటోంది, ఇండియా ఒప్పుకోదు. పిల్లలకి జర్మన్ పాస్‌పోర్టూ, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డూ, మాకు ఇండియన్ పాస్‌పోర్టు.

ఇంటికొస్తూ దారిలో పెద్దది అడగనే అడిగింది, "మనూరు కూడా ఇలాంటిదే కదమ్మా?" అని. మాది భద్రాచలం, మా ఆయనది నందిగామ. పెళ్లినాటికి ఒకటే రాష్ట్రం, 2014 జూన్ 2 తర్వాత మాది అంతర్రాష్ట్ర వివాహం. మా ఊరి సంగతి ఇంకా తమాషా. పోలవరం ముంపు పేరుతో భద్రాచలం మండలం ఆంధ్రకి వెళ్లిపోయింది, భద్రాచలం ఒక్కటీ తెలంగాణలో ఉండిపోయింది. రాముడి గుడి ఇక్కడ, ఆయన భూములు వందల ఎకరాలు ఆంధ్రలోని పురుషోత్తపట్నంలో. మా అమ్మ అయితే ఇల్లు కదలకుండానే తూర్పు గోదావరి జిల్లాలో పుట్టి, 1959లో ఖమ్మం జిల్లాకి మారి, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంటోంది.

అయినా ఇలాంటిది కాదనే చెప్పాను. ఇప్పుడు ఆంధ్రలో ఉన్న ఎటపాకకి వెళ్లడానికి మా వాళ్లెవరూ కాగితం చూపించనక్కర్లేదు, కంచె దగ్గర ఎవరూ తుపాకీ పట్టుకుని లేరు. రాజకీయాల్లో ఎంత తిట్టుకున్నా పెళ్లి భోజనాల దగ్గర పక్కపక్కనే కూర్చుంటాం. రెంటినీ ఒక గాటన కట్టేస్తే ఆ ఊరివాళ్లు పడ్డదానికి విలువ లేకుండా పోతుంది. పెద్దది ఒప్పుకుంది గానీ, పూర్తిగా కాదు. 1810లో వాళ్లకీ అంతేగా అంది. జవాబు నా దగ్గర లేదు, మా ఆయన వైపు చూశాను. ఆయన జీపీఎస్ చూసుకుంటున్నాడు.

గోడ ఉన్న రోజులవీ, కూలే రోజులవీ ముచ్చట్లు కూడా ఆ ఊళ్లో ఉన్నాయి. 1983 ఫిబ్రవరిలో అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ వచ్చి, బెర్లిన్‌లో కెనెడీ నేనూ బెర్లిన్ వాడినే అన్నట్టే, నేనూ మోడ్లారాయిట్ వాడినే అని పోయాడు. యాభై మంది ఊళ్లో ఆ డైలాగ్ ఎలా పేలిందో ఊహించుకోవాల్సిందే. బెర్లిన్ గోడ తెరిచిన సరిగ్గా నెలకి, 1989 డిసెంబర్ 9న, ఇక్కడ జనం నడవడానికి దారి తెరిచారు.

ఇప్పుడు ఊరు ఒకటే, పిల్లలు మాత్రం వేర్వేరు రాష్ట్రాల బడులకి వెళ్తారు. ఇది చిన్నోడికి బాగా పట్టుకుంది. ఇక్కడ మార్కుల్లో 1 అన్నిటికన్నా మంచిది, అంకె పెరిగేకొద్దీ తక్కువ. బవేరియాలో నాలుగో క్లాసులో మూడు సబ్జెక్టుల సగటు 2.33 లేదా అంతకన్నా మెరుగ్గా ఉంటేనే నేరుగా గిమ్నాజియుంలో, అంటే యూనివర్సిటీ చదువుకి దారితీసే హైస్కూల్లో, చేర్చుకుంటారు. ఇంట్లో ఆ టెన్షన్ నడుస్తోంది. వాగు అవతల లెక్క వేరు. పైగా సెప్టెంబర్ 20 బాలల దినోత్సవం తురింగియాలో సెలవు, బవేరియాలో లేదు. మనం ఆ పక్క ఇల్లు తీసుకుందాం అన్నాడు. జనవరి 6 ఈ పక్క సెలవు, ఆ పక్క లేదని అక్క గుర్తు చేసింది. అయితే పడుకోవడం అటు, స్కూలు ఇటు, సెలవులు రెండు వైపులా అని తేల్చాడు.

ఆ ఆదివారం వీడియో కాల్‌లో పెద్దది అమ్మమ్మకి మొత్తం కథ చెప్పింది, ఫోటోలు చూపించి మరీ. గోడ గురించి విని అమ్మ అయ్యో అంది. చెయ్యి ఊపకూడదంటే నోరు తెరిచింది. మా అమ్మ గోదావరి కరకట్ట ఊళ్లో బతికిన మనిషి. 2022 జులైలో నీళ్లు 71 అడుగులు దాటినప్పుడు ఏ కట్ట ఎవరి రాష్ట్రంలో ఉందన్న గొడవ కళ్లారా చూసింది. అంతా విని ఒకటే అడిగింది.

"అదంతా సరేగానీ తల్లీ, ఆ వాగు పూడిక ఏ గవర్నమెంటు తీయిస్తది?"

పెద్దదానికి తెలీదు. స్కూల్లో చెప్పలేదు అమ్మమ్మా, టీచర్ని అడుగుతానంది.