బడిలో లేని కోర్సు, బడి ఖర్చుతోనే

అమెరికా పబ్లిక్ స్కూళ్లలో పిల్లలు చదువుతున్న మనవాళ్లలో చాలామంది, ఆన్‌లైన్ కోర్సు అనగానే సొంత డబ్బు కట్టి చెప్పించే ట్యూషన్ వంటిదని భావిస్తారు. మా అమ్మాయి పదో తరగతికి వచ్చేదాకా నేనూ అలాగే అనుకున్నాను. తన బడిలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) కంప్యూటర్ సైన్స్ చెప్పే టీచరు లేరు. బయట చదివిస్తే క్రెడిట్ (గ్రాడ్యుయేషన్‌కు లెక్కలోకి వచ్చే యూనిట్) ఇస్తారా అని అడగడానికి కౌన్సిలర్ దగ్గరకు వెళితే, బయటకు వెళ్లనవసరమే లేదని, మేముండే మిషిగన్ రాష్ట్ర చట్టం ప్రకారం ఆ కోర్సును బడి ద్వారానే ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చని ఆవిడ చెప్పారు.

2013లో వచ్చిన ఆ నిబంధనను ఇక్కడ 21ఎఫ్ అంటారు. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు చదివే విద్యార్థి, తల్లిదండ్రుల అంగీకారంతో, ఒక టర్ములో రెండు ఆన్‌లైన్ కోర్సుల దాకా కోరుకోవచ్చు. ఫీజును సాధారణంగా స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు బడులను నడిపే సంస్థ) భరిస్తుంది. ఆ క్రెడిట్ ఇదివరకే వచ్చి ఉన్నా, కోర్సుకు కావలసిన పునాది విద్యార్థికి లేకపోయినా డిస్ట్రిక్ట్ కాదనవచ్చు గాని, కారణం రాతపూర్వకంగా చెప్పాలి, దానిపై అప్పీలు చేసుకునే వీలూ ఉంది. ఈ సంగతి తెలియక ఎందరు పిల్లలు ఇష్టమైన సబ్జెక్టును వదులుకుంటున్నారో తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది. ఇతర రాష్ట్రాలలో పద్ధతులు వేరు: ఫ్లోరిడాలో 1997 నుంచే ఫ్లోరిడా వర్చువల్ స్కూల్ నడుస్తోంది, అక్కడ విద్యార్థి కోర్సును విజయవంతంగా పూర్తి చేయడంపై దానికి వచ్చే ప్రభుత్వ నిధులు ఆధారపడి ఉంటాయి.

అయితే సీటు దొరకడంతో పని అయిపోలేదు. మొదటి నెలలో అమ్మాయి రోజూ లాగిన్ అవుతూనే ఉంది, వీడియోలు చూస్తూనే ఉంది. ఆరు అసైన్‌మెంట్లు మాత్రం వెనకబడ్డాయి. ఏ వారానికి ఏ పని పూర్తి కావాలో చెప్పే పేసింగ్ గైడ్‌ను నేను తెరిచైనా చూడలేదు, బడిలో తనకు కేటాయించిన మెంటర్ ఎవరో అడగనూ లేదు. పాఠం చెప్పే టీచరు ఎక్కడో ఉంటారు; మెంటర్ అంటే బడిలోనే ఉండి, విద్యార్థి ఎక్కడ ఆగిపోయిందో గమనించి పలకరించే మనిషి. ఆయన వారానికి రెండుసార్లు పది నిమిషాలు అమ్మాయి పక్కన కూర్చోవడం మొదలుపెట్టాకే చదువు గాడిన పడింది. అందువల్ల చేరేముందు ఎవరైనా నన్ను సలహా అడిగితే, ఏ సంస్థ కోర్సు అన్నదానికంటే ముందు మెంటర్ ఎవరని కనుక్కోమంటాను.

మరికొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఏపీ కోర్సులో చేరినంత మాత్రాన మే నెల పరీక్షకు నమోదైనట్టు కాదు. ఆ పరీక్ష కోసం సాధారణంగా నవంబరులోగానే స్థానిక బడిలో పేరు ఇవ్వాలి. కోర్సు వదులుకోవడానికి ఇచ్చిన గడువు దాటాక మానేస్తే ట్రాన్‌స్క్రిప్టులో (మార్కుల రికార్డులో) ఎలా నమోదవుతుందో ముందే అడగాలి. తప్పిన సబ్జెక్టు కోసం ఇచ్చే క్రెడిట్ రికవరీ కోర్సులలో కొన్ని మరీ తొందరగా ముగిసిపోతాయి, వాటితో జాగ్రత్త. కాలేజీలో క్రీడాకారులుగా చేరాలనుకునే పిల్లలైతే తాము తీసుకునే కోర్సును ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడలను నిర్వహించే సంస్థ) ఆమోదించిందో లేదో తప్పక చూసుకోవాలి, ఎందుకంటే టీచరుతో క్రమం తప్పని సంభాషణ లేని కోర్సులను ఆ సంస్థ లెక్కలోకి తీసుకోదు.

వచ్చే ఏడాది మా అబ్బాయి లాటిన్ తీసుకుంటానంటున్నాడు. షెడ్యూలింగ్ ఫారాలు ఇంటికి రాకముందే ఈసారి కౌన్సిలర్‌నూ మెంటర్‌నూ కలిసి మాట్లాడబోతున్నాను.