ఖాళీ అయిన కోచ్ కుర్చీ

నేను ప్రాణంగా చూసుకునే ఫుట్‌బాల్ క్లబ్ మళ్లీ హెడ్ కోచ్‌ని తీసేసింది. మొన్న రెండో గోల్ పడగానే మా డిఫెండర్లు నీదంటే నీదని ఒకరి వైపు ఒకరు చేతులు చూపించుకున్నారు. అప్పుడే అర్థమైపోయింది, ఈ వార్త ఎంతో దూరంలో లేదని.

ఇప్పుడు ఈ ఉద్యోగానికి ఎవరొస్తారు? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

పేరుకే హెడ్ కోచ్. చాలా క్లబ్బుల్లో ఆటగాళ్ల కొనుగోళ్లు స్పోర్టింగ్ డైరెక్టర్ చేతిలో ఉంటాయి. సీజన్ మధ్యలో వచ్చినవాడు ఆటగాళ్లని కొనుక్కునే జనవరి విండో దాకా వేరొకరు కట్టిన జట్టుతోనే నెట్టుకురావాలి. పోనీ కప్పు గెలిస్తే? 2025లో కోచ్ పోస్టెకోగ్లూ ఇంగ్లండ్ క్లబ్ టోటెన్‌హామ్‌కి యూరప్ క్లబ్బుల టోర్నీ యూరోపా లీగ్ గెలిపించాడు, 17 ఏళ్లలో వాళ్లకదే మొదటి ట్రోఫీ. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో మాత్రం 17వ స్థానం. నెల తిరక్కుండానే పంపించేశారు.

అయినా ఈ కుర్చీకి ఆకర్షణ ఉంది, నేను గట్టిగా నమ్ముతాను. 2015లో రానియెరీ ఇంగ్లండ్ క్లబ్ లెస్టర్‌కి కోచ్‌గా వచ్చేసరికి ఆ జట్టు దిగువ డివిజన్‌కి పడకుండా అప్పుడే బయటపడింది. మరుసటి మే నెలకల్లా ప్రీమియర్ లీగ్ చాంపియన్! 2017 ఫిబ్రవరిలో ఆయన్నీ తీసేశారు, నిజమే. కానీ ఆ టైటిల్‌ని ఎవరు తీసేయగలరు? పెద్ద క్లబ్‌లో గెలిస్తే అది కోచ్ డ్యూటీ అంటారు. మునిగిపోతున్న జట్టుని ఒడ్డున పడేస్తే తరాలపాటు చెప్పుకుంటారు.

మాకు పెద్ద పేరున్నవాడు అక్కర్లేదు. ముందు డిఫెన్స్ సరిచేసి, అకాడమీ కుర్రాళ్లని ఆడించేవాడు కావాలి. కొనుగోళ్లలో అతని మాట చెల్లనివ్వాలి, కనీసం రెండు సీజన్లు ఉండనివ్వాలి.