ఉప్పు రోడ్ల దేశంలో మానిఫోల్డ్ బోల్టులు

మంచు పడే దేశంలో మెకానిక్ పని ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను ముందు తుప్పు గురించే చెప్తాను. వీసా, జీతం, చలి అన్నీ తర్వాత. చలికాలమంతా రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు చక్రాల కింద నుంచి చిమ్మి బండి అడుగు భాగమంతా పడతాయి. పొడి వాతావరణంలో ఏళ్ల తరబడి తిరిగిన బండికి కూడా రింగు స్పానర్ వేసి లాగితే వచ్చేసే నట్టు, ఇక్కడ కొన్నేళ్లకే ఇనుములో ఇనుమైపోయి కూర్చుంటుంది. అన్నిటిలోకీ మొండివి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టులు. వాటికి ఉప్పుతో పాటు నిప్పు కూడా తోడవుతుంది.

సిలిండర్లలోంచి బయటికొచ్చే పొగనంతా కలిపి ఒక గొట్టంలోకి పంపేది మానిఫోల్డ్. ఇంజిన్ బరువు లాగేటప్పుడు ఆ పొగ వేడి 700, 800 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. మానిఫోల్డ్ చాలా బండ్లలో పోత ఇనుము. దాన్ని బిగించేది ఇంజిన్ పై దిమ్మెకి, అంటే సిలిండర్ హెడ్‌కి. హెడ్ ఇప్పటి బండ్లలో ఎక్కువగా అల్యూమినియం, పైగా లోపల చల్లబరిచే కూలెంట్ తిరుగుతూ ఉంటుంది కాబట్టి అది మానిఫోల్డంత వేడెక్కదు. రెండూ ఒకేలా సాగవు. బండి వేడెక్కిన ప్రతిసారీ మానిఫోల్డ్ పొడవునా సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. ఆ లాగుడంతా రెండిటినీ పట్టుకున్న స్టడ్‌ల (తల లేని, నట్టుతో బిగించే బోల్టుల) మీద పడుతుంది. మధ్యలో ఉన్నవాటి దగ్గర కదలిక తక్కువ, రెండు చివర్ల దగ్గర ఎక్కువ. అందుకే విరిగినదాన్ని వెతకాలంటే నేను ముందు చివరి బోల్టులే చూస్తాను. ఇంజిన్‌ని ముందు నుంచి వెనక్కి పొడవునా పెట్టిన బండ్లలో వెనక చివరిది సరిగ్గా చెయ్యి దూరని చోటే ఉంటుంది.

తుప్పు ఇంకో పని చేస్తుంది. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ముందున్నదానికంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. బోల్టు ఒంటి మీది గాడుల్ని మర అంటాం. ఆ మరల మధ్య ఉన్న కాస్త సందూ తుప్పుతో నిండిపోతుంది. స్పానర్ వేసి లాగితే బోల్టు తిరగడానికి బదులు తనలో తానే మెలిపడుతుంది.

బండి తెచ్చేవాళ్లు బోల్టు విరిగిందని చెప్పరు. "పొద్దున స్టార్ట్ చేస్తే టిక్ టిక్ అంటోంది, కాసేపటికి ఆగిపోతోంది" అంటారు. వేడికి మానిఫోల్డ్ సాగి సందు మూసుకోగానే చప్పుడు ఆగుతుంది. ఆగింది కదా అని చాలామంది అలాగే తిప్పుతుంటారు. మానిఫోల్డ్‌కీ హెడ్‌కీ మధ్య పొగ కారకుండా వేసే గాస్కెట్ దగ్గర నల్లటి మసి చార కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. కారే పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది, దానికి వాసన ఉండదు, హీటర్ గాలితో కలిసి బండి లోపలికి రావచ్చు. అద్దాలన్నీ మూసి హీటర్ వేసుకుని తిరిగే చోట ఇది చిన్న విషయం కాదు. అందుకే ఈ టిక్ టిక్‌ని "చూద్దాంలే" అని వదిలేసే మెకానిక్‌ని చూస్తే నాకు కోపం వస్తుంది.

వెల్డింగ్ నేర్చుకోవడం కంటే టైం అడగడం నేర్చుకోవడం నాకు కష్టమైంది. ఇలాంటి గ్యారేజీల్లో ప్రతి పనికీ ఇన్ని గంటలని పుస్తకంలో రాసి ఉంటుంది. చాలాచోట్ల మెకానిక్‌కి కూలి ఆ గంటలకే కడతారు, నిజంగా ఎంతసేపు పట్టిందన్నది లెక్కలోకి రాదు. బోల్టులన్నీ మామూలుగా ఊడి వస్తాయనుకుని వేసిన లెక్క అది. విరిగిన స్టడ్ ఒక్కటి చాలు, రోజంతా తినేస్తుంది. ఈ దేశంలో పుట్టి పెరిగినవాడు ఫోర్‌మన్ దగ్గరికి పోయి "ఇది ఇవాళ అవదు" అని చెప్పి, చేతులు తుడుచుకుని ఇంకో బండి అందుకుంటాడు. గ్యారేజీ ఇచ్చిన కాగితాల మీద వీసా నడుస్తున్నవాడికి ఆ మాట గొంతు దాటి రాదు. చేతకాదనుకుంటారేమో, రేపు వీసా పొడిగించరేమో అని టెన్షన్. ఆ టెన్షన్ చేతుల్లోకి దిగుతుంది. బ్రేకర్ బార్ (పొడవాటి పిడి) చివర పట్టుకుని ఒక్క ఊపు ఊపుతాడు, బోల్టు తల టప్‌మని ఊడి కిందపడుతుంది. కొత్తగా వచ్చిన మనవాళ్ల చేతుల్లో విరిగే బోల్టుల్లో చాలావాటికి కారణం తుప్పు కంటే ఈ భయమేనని నా గట్టి నమ్మకం.

మా షెడ్డులో కొత్తగా చేరిన తెలుగు కుర్రాడు ఒకరోజు లిఫ్ట్ కింద నిలబడి, నట్లని దడదడా కొట్టి తిప్పే ఇంపాక్ట్ గన్ అందుకున్నాడు.

"అన్నా, కొన్ని వచ్చేశాయి. రెండు మూడు కదలట్లేదు, ఈ చివరిది మరీ మొండిగా ఉంది. గన్ పెట్టి కొట్టేయనా?"

"ఆగు తమ్ముడూ. చేత్తో లాగి చూశావా? ఎలా ఉంది?"

"కొంచెం తిరిగినట్టే ఉందన్నా, కానీ మెత్తమెత్తగా ఉంది."

"మెత్తగా ఉందంటే తిరగట్లేదు, తెగబోతోంది. స్పానర్ తీసేయ్."

"రెండింటికల్లా బండి ఇచ్చేయాలన్నాడు కదా ఫోర్‌మన్."

"ఆయనతో నేను మాట్లాడతా. నువ్వూ రా, పక్కన నిలబడి విను."

ఫోర్‌మన్‌తో "రాదు" అంటే పని జరగదు. ఇప్పుడు బలవంతం చేస్తే విరుగుతుంది, విరిగితే డ్రిల్ చేయాలి, డ్రిల్ పక్కకి పోతే హెడ్ విప్పాలి, దానికి ఇన్ని గంటలు. రాత్రికి వదిలేస్తే నూనె దిగుతుంది, పొద్దున్నే వేడి చేసి తీయొచ్చు, దానికి ఇన్ని. ఈ రెండు లెక్కలూ ఆయన ముందు పెట్టాను. ఆయనా కస్టమర్‌కి జవాబు చెప్పాల్సినవాడే. లెక్క చూసి ఫోన్ చేసి, బండి రేపిస్తామని చెప్పేశాడు. కుర్రాడు నా మొహం వంక చూశాడు. అంత సులువుగా ఒప్పుకుంటాడని వాడు అనుకోలేదు.

ఆ సాయంత్రం వాడికి చూపించింది ఇదీ. ముందు వైర్ బ్రష్‌తో మర బయటికి కనిపించే చోటల్లా తుప్పు గీకేయాలి. లేకపోతే నూనె పొలుసు మీదే ఆగిపోతుంది, లోపలికి దిగదు. తుప్పు వదిలించే పెనిట్రేటింగ్ ఆయిల్ కొద్దికొద్దిగా కొట్టాలి, స్టడ్ చివర సుత్తితో చిన్న దెబ్బలు వేయాలి, ఆగాలి, మళ్లీ కొట్టాలి. చిన్న దెబ్బలకి తుప్పు పొర పగిలి నూనెకి దారి దొరుకుతుంది. సాకెట్ ఆరు పలకలదే వాడాలి. పన్నెండు పలకలది మూలల మీద మాత్రమే పట్టుకుంటుంది, తుప్పుకి అరిగిన నట్టుని గుండ్రంగా చేసేస్తుంది. తల బాగా అరిగిపోయి ఉంటే ఒక సైజు చిన్న సాకెట్‌ని సుత్తితో కొట్టి దిగ్గొట్టడమే దారి.

పొద్దున ముందు విప్పే వైపు కాకుండా బిగించే వైపు రవ్వంత కదపమన్నాను. వాడు వింతగా చూశాడు. పట్టు ఏ వైపు వదిలినా వదిలినట్టే. కదిలాక కొంచెం విప్పాలి, మళ్లీ కొంచెం బిగించాలి, నూనె వేయాలి, మళ్లీ విప్పాలి. కిర్రుమని చప్పుడు చేస్తూ వస్తుంటే మంచిదే, మర మీద మర జారుతోందని అర్థం. చప్పుడు లేకుండా, లాగినకొద్దీ సాగుతూ వస్తుంటే ఆపేయాలి. ఈ తేడా నోటితో చెప్తే తెలిసేది కాదు. వాడి చెయ్యి మీద నా చెయ్యి వేసి రెండు మూడు బోల్టులు విప్పించాను.

చివరిదానికి వేడి తప్పలేదు. వేడి పెట్టే ముందు అక్కడున్న నూనెంతా తుడిచేయాలి, అది అంటుకుంటుంది. ఫ్యూయల్ పైపులు, వైర్లు ఎక్కడున్నాయో చూసుకోవాలి, నిప్పునార్పే సిలిండర్ పక్కనే ఉండాలి. టార్చ్ మంట నట్టు మీదే ఉండాలి, హెడ్ మీదికి పోకూడదు. ఇనుము వేడెక్కితే ఎర్రబడి మనకి చెప్తుంది. హెడ్‌లో వాడే అల్యూమినియం అలా చెప్పదు, రంగు మారకుండానే 660 డిగ్రీల లోపే కరిగిపోతుంది. నట్టు ఎర్రబడ్డాక కాస్త చల్లారనిచ్చి, ఇంకా వేడిగా ఉండగానే కొవ్వొత్తి ముక్క మర అంచుకి ఆనించాను. మైనం కరిగి కిందికి జారకుండా, చూస్తుండగానే సన్నటి తెల్ల పొగతో మర సందులోకి పీల్చుకుపోయింది. అప్పుడు చేత్తోనే లాగితే కిర్రుమంటూ వచ్చేసింది. కుర్రాడు ఆ నట్టుని పటకారుతో పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

ఎంత జాగ్రత్త పడినా కొన్ని విరుగుతాయి. విరిగిన ముక్క కొంచెం బయటికి ఉంటే నాకు దిగులుండదు. దాని మీద వాషర్, వాషర్ మీద నట్టు పెట్టి నట్టు మధ్యలోంచి మిగ్ వెల్డింగ్‌తో నింపుతాను. ఆ వేడికే సగం పట్టు వదిలిపోతుంది. కాస్త చల్లారాక మెల్లగా ముందుకీ వెనక్కీ తిప్పాలి. మొదటి నట్టు ఊడిపోతే ఇంకోటి పెట్టాలి, విసుక్కోకూడదు. హెడ్ అల్యూమినియందైతే ఇంకా మంచిది, ఉక్కు వెల్డ్ దానికి అతుక్కోదు. కానీ బ్యాటరీ తీసేయకుండా వెల్డింగ్ మొదలుపెట్టకూడదు. జింక్ పూత ఉన్న నట్టు వాడకూడదు, ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది. ఇంకో మాట అందరికీ చెప్తాను. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో కడిగిన చోట వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన విషవాయువు అది. డబ్బా మీద రాసింది చదవడం రాకపోతే సిగ్గుపడకుండా పక్కవాడిని అడగాలి.

హెడ్ లోపలికి విరిగితే డ్రిల్లే గతి. సరిగ్గా మధ్యలో పంచ్ కొట్టడమే అసలు పని, అక్కడ తప్పితే తర్వాత ఏదీ సరికాదు. చిన్న బిట్‌తో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. ఎడమవైపు తిరిగే బిట్ అయితే కోస్తూ కోస్తూనే ముక్కని బయటికి లాగేసే అవకాశం ఉంది. చెయ్యి తిన్నగా నిలవని చోట డ్రిల్ గైడ్ ప్లేట్ బిగించుకోవడం మేలు. విరిగిన ముక్కలో కోసిన రంధ్రంలోకి దింపి తిప్పి లాగే ఎక్స్‌ట్రాక్టర్ అంటే మాత్రం నాకు నమ్మకం తక్కువ. కోసుగా ఉండేవి లోపల బిగిసేకొద్దీ బోల్టుని ఉబ్బించి ఇంకా బిగిస్తాయి. పైగా అది గట్టి ఉక్కు. లోపల విరిగిందంటే మామూలు బిట్ దాన్ని గీకను కూడా గీకలేదు, కార్బైడ్ బిట్ కావాలి, లేదా మెషిన్ షాపుకి పంపి స్పార్క్‌తో కరిగించాలి. ఎం8 (8 మిల్లీమీటర్ల) స్టడ్ అయితే 6.8 మిల్లీమీటర్ల దాకా కోసి, మిగిలిన పొరని మర కోసే ట్యాప్‌తో తీసేయొచ్చు. పాత మర దెబ్బతింటే హెలికాయిల్ లాంటి ఇన్సర్ట్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) వేస్తే సరిపోతుంది.

తిరిగి బిగించడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. స్కేల్ ఆనించి మానిఫోల్డ్ వంగిందేమో చూడాలి. వంగినదాన్ని అలాగే బిగిస్తే కొత్త స్టడ్‌లూ తెగుతాయి. కొత్త గాస్కెట్, కొత్త స్టడ్‌లు, మధ్య నుంచి చివర్లకి వరసగా టార్క్ (కొలిచి బిగించే బలం). స్టడ్‌కి నికెల్ కలిసిన యాంటీ సీజ్ (మర పట్టేయకుండా రాసే పేస్టు) రాస్తే తర్వాత విప్పేవాడికి మేలు. కానీ మర నున్నగా ఉంటే అదే టార్క్‌కి ఎక్కువ బిగుస్తుంది, మాన్యువల్‌లో పొడి మరకి ఇచ్చిన లెక్కా కాదా చూసుకోవాలి.

ఇప్పుడు మా షెడ్డుకి మానిఫోల్డ్ పని వస్తే బండి లిఫ్ట్ ఎక్కకముందే జాబ్ కార్డు మీద ఒక లైను రాస్తాం. బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి, విరిగితే అదనపు గంటలు పడతాయి, బండి ఒక రాత్రి ఇక్కడే ఉండొచ్చు అని. కస్టమర్‌ని కిందికి తీసుకెళ్లి టార్చిలైట్ వేసి ఆ బోల్టులు చూపిస్తే ఎవరూ పెద్దగా వాదించరు, సంతకం పెడతారు. ఆ గంటలు పని చేసినవాడి లెక్కలోనే పడతాయి. కుర్రాడికి డ్రిల్ పట్టుకోవడం ఇంకా నేర్పుతున్నాను, ఆ లైను రాయడం మాత్రం ముందే నేర్పేశాను.